ఆరని మంట

ముల్లు గుచ్చుకున్న వేలు ఎర్రబడి వాస్తుంది, సలుపుతుంది. మెదడులో అలాంటి వాపు, మంట ఏళ్ల తరబడి సాగినా పైకి ఏమీ తెలియదు, ఎందుకంటే మెదడు కణజాలంలో నొప్పిని పసిగట్టే నాడులు లేవు. ఆ వాపును నడిపించే వాటిలో ముఖ్యమైనవి న్యూరాన్లను, అంటే నాడీకణాలను, సాకే గ్లియా కణాలే. 1856లో జర్మన్ వైద్యుడు విర్షో వీటికి ఆ పేరు పెట్టాడు, గ్లియా అంటే జిగురు. న్యూరాన్లను అతికించి ఉంచడమే వాటి పని అనుకున్నారు.

వీటిలో మైక్రోగ్లియా పుట్టుకే వేరు. పిండదశలో పచ్చసొన సంచిలో పుట్టి మెదడులోకి వలస వచ్చిన రోగనిరోధక కణాలివి. బతికున్న ఎలుక మెదడును 2005లో సూక్ష్మదర్శినితో చూసినప్పుడు, ఊరికే ఉన్నాయనుకున్న ఈ కణాల కొమ్మలు క్షణం తీరిక లేకుండా చుట్టుపక్కల తడుముతూ కనిపించాయి. లేజర్‌తో చిన్న గాయం చేస్తే, దెబ్బతిన్న కణాల నుంచి కారే ఏటీపీ అనే శక్తి అణువు వాసన పట్టి, అరగంటలోపే చుట్టూ ఉన్న కొమ్మలన్నీ అక్కడికి చేరి గాయాన్ని కమ్మేశాయి.

ఇంతవరకూ అది కాపలా పనే. అల్జైమర్స్‌లో ఎక్కడ బెడిసికొడుతుందో చూడండి. మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దను మైక్రోగ్లియా మింగుతుంది కానీ అరిగించుకోలేదు. అరిగించే సంచి, అంటే లైసోజోమ్, చిరుగుతుంది. అప్పుడు కణంలో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రోటీన్ల కూటమి ఏర్పడి కాస్పేస్-1 అనే కత్తెరను పనిలోకి దించుతుంది. ముందే తయారై ఉన్న ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సంకేత ప్రోటీన్‌ను అది కత్తిరిస్తే, ఆ ముక్క బయటికొచ్చి మంట పెంచుతుంది. గాయమైతే మానుతుంది, పిలుపు ఆగిపోతుంది. అమిలాయిడ్ పోదు, అందుకే పిలుపూ ఆగదు.

అది అక్కడితో ఆగితే బాగుండేది. రెచ్చిపోయిన మైక్రోగ్లియా ఇంటర్‌ల్యూకిన్-1 ఆల్ఫా, టీఎన్‌ఎఫ్, సీ1క్యూ అనే మూడు ప్రోటీన్లను విడుదల చేస్తే, పక్కనున్న ఆస్ట్రోసైట్లనే మరో రకం గ్లియా కణాలు తమ రోజువారీ పని వదిలేస్తాయని 2017లో తేలింది. న్యూరాన్ల సంధులను అవి మునుపటిలా పోషించవు. పైగా న్యూరాన్లను, నాడీతంతువులకు మైలిన్ తొడుగు వేసే ఆలిగోడెండ్రోసైట్లను చంపే పదార్థాన్ని స్రవిస్తాయి. ఆ విషం ఎక్కువగా సంతృప్త కొవ్వులదేనని తర్వాతి పరిశోధన చూపింది.

అలాగని మైక్రోగ్లియా నోరు నొక్కేస్తే సరిపోతుందా? 2013లో బయటపడ్డ ట్రెమ్2 జన్యు మార్పు మైక్రోగ్లియాను మందకొడిగా చేస్తుంది. అది ఉన్నవారికి అల్జైమర్స్ ముప్పు తగ్గడం కాదు, దాదాపు రెండు నుంచి నాలుగు రెట్లు పెరుగుతుంది. మంట తగ్గిస్తుందన్న ఆశతో మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను, కండరాలను కదిలించే నాడీకణాలు చచ్చిపోయే ఏఎల్‌ఎస్ జబ్బు రోగులకు ఇస్తే, 2007 నాటి ఫలితాల్లో వాళ్లు మందు తీసుకోనివారికంటే త్వరగా క్షీణించారు.

రోగనిరోధక కణాలు మైలిన్‌పై దాడి చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఇంకో చిక్కు ఉంది. వ్యాధి ఒక్కసారిగా తిరగబెట్టినప్పుడు రోజుకు ఒక గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు ఎక్కించే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రక్తంలోంచి వచ్చిపడిన కణాల దాడిని త్వరగా చల్లారుస్తుంది. కానీ కొన్ని పాత మచ్చల అంచున ఇనుము మింగిన మైక్రోగ్లియా వరుసకట్టి ఉంటాయి. ఎమ్మారైలో ఆ అంచు నల్లటి వలయంలా కనిపిస్తుంది. లోపల దాడి ముగిసిపోయినా అలాంటి మచ్చ ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతూనే ఉంటుంది.