తెగిన కొస చెప్పే సంగతి

చిరంజీవులకు ఆశీస్సులు.

ట్రౌట్ చేప ఫ్లైని, అంటే పురుగులా కనబడేలా కొక్కేనికి కట్టిన ఎరను, అందుకున్న మరుక్షణమే దానికి కట్టిన సన్న దారం, టిపెట్, పుటుక్కున తెగిపోతోందనీ, ఇంకాస్త లావు దారం కట్టుకుంటే ఈ బాధ తప్పుతుందా అనీ మీరు అడిగారు. లావు దారం కట్టడం తేలికే. కాని తేటగా, నిదానంగా పారే నీటిలో చిన్న ఫ్లైకి లావు దారం కడితే, ఆ ఫ్లై నిజమైన పురుగులా నీటివాలున స్వేచ్ఛగా కదలలేదు. దాన్ని చూసిన చేప ముఖం తిప్పుకొని పోతుంది. కాబట్టి సన్న దారంతోనే పని జరుపుకోవడం నేర్చుకోక తప్పదు. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు చేప బరువుకు తెగిన టిపెట్లు బహు తక్కువ. ముడిలో లోపం వల్లనో, చేతి తొందర వల్లనో తెగినవే ఎక్కువ.

ముందు దారం కొలత సంగతి చెబుతాను. గాలపు లావు తాడుకు, ఫ్లైకి మధ్య కట్టే సన్నని దారాన్ని లీడర్ అంటారు. దాని చివర, ఫ్లైకి ముందు ఉండే ఆఖరి సన్నని దారమే టిపెట్. టిపెట్ చుట్ట మీద 5ఎక్స్, 6ఎక్స్, 7ఎక్స్ అని ముద్రించి ఉంటుంది. 11 లోంచి ఆ అంకెను తీసివేస్తే మిగిలేది అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన దాని మందం. 5ఎక్స్ అంటే 0.006 అంగుళం, అంటే సుమారు 0.15 మిల్లీమీటర్లు; 7ఎక్స్ అంటే 0.004 అంగుళం, సుమారు 0.10 మిల్లీమీటర్లు. పూర్వం పట్టుపురుగు నుంచి తీసిన తంతువును రంధ్రాలున్న పలకలోంచి లాగి సన్నబరిచేవారు. ఎన్నిసార్లు లాగితే అన్ని ఎక్స్‌లు అనే లెక్క అప్పటిదే. ఇక్కడ ఒక కిటుకు ఉంది. దారం బలం దాని మందాన్ని కాక, అడ్డుకోత వైశాల్యాన్ని అనుసరించి ఉంటుంది గనుక, 7ఎక్స్ కన్నా ఒకే ఒక మెట్టు లావైన 6ఎక్స్‌లో దాదాపు ఒకటిన్నర రెట్ల పదార్థం ఉంటుంది. ఫ్లై సంఖ్యను, అంటే దాని కొక్కెం సైజు నంబరును, 3తో భాగిస్తే వచ్చే అంకెను మొదటి అంచనాగా తీసుకోండి. 18వ నంబరు ఫ్లైకి 6ఎక్స్ చాలు. అంతకన్నా సన్నదారం కట్టడం గొప్పతనమని కొందరు అనుకుంటారు గాని, నేను అనుకోను.

ఇక అసలు విషయం ముడి. నైలాన్ దారాన్ని పొడిగా ఉండగానే గబుక్కున బిగిస్తే, పోగు మీద పోగు రాసుకుని పుట్టే వేడికి ఆ చోట దారం బలహీనపడుతుంది. కంటికి మాత్రం ఏమీ కనబడదు. అందుకని ముడిని వదులుగా అల్లి, నోటితో గాని, నీటిలో ముంచి గాని తడిపి, చుట్లు ఒకదాని పక్కన ఒకటి పొందికగా సర్దుకునేలా నిదానంగా, ఒకే తీరున లాగి బిగించాలి. ఫ్లైని కట్టడానికి క్లించ్ ముడి చాలు. సన్నదారానికి కనీసం అయిదు చుట్లు వేయండి. లీడర్‌కు టిపెట్‌ను జోడించడానికి సర్జన్ ముడి మంచిది. సన్నదారమైతే కొసలను రెండుసార్లు కాక మూడుసార్లు దూర్చండి. కలిపే రెండు దారాల మధ్య రెండు ఎక్స్‌లకు మించి తేడా ఉండకూడదు. 4ఎక్స్‌కు 6ఎక్స్ కలుస్తుంది గాని, 3ఎక్స్‌కు 7ఎక్స్ కలిపితే సన్నది లావుదానిలో కుదురుకోక జారిపోతుంది. బిగించాక చేత్తో ఒకసారి నిలకడగా లాగి చూడండి. తెగితే ఒడ్డున తెగడమే మేలు.

గాలం విసురుతున్నప్పుడు దారంలో దానంతట అదే ఒక చిన్న ముడి పడుతుంది. గాలిముడి అని పేరైతే ఉంది గాని, నిజానికి చాలాసార్లు తప్పు గాలిది కాదు, రాడ్‌ను ఒక్కసారిగా విదిలించిన చేతిది. అలాంటి ఒక్క ముడితో దారం బలం సగానికి పడిపోగలదు. కాసేపటికోసారి టిపెట్‌ను రెండు వేళ్ల మధ్యనుంచి జారనిచ్చి చూసుకోండి; గరుకు గాని, ముడి గాని తగిలితే విప్పడానికి ప్రయత్నించక కొత్తముక్క కట్టండి. తీసేసిన ముక్కను నీటిలో పడేయకుండా జేబులో వేసుకోండి, పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది.

చేప అందుకున్నప్పుడు ఏం చేయాలన్నది మీకు అన్నిటికన్నా కష్టమనిపిస్తుంది, ఎందుకంటే ఆ క్షణాన చెయ్యి మనసుకన్నా ముందు పరుగెత్తుతుంది. చిన్న కొక్కెం పదునుగా ఉంటే దిగడానికి పెద్ద బలం అక్కరలేదు. రాడ్‌ను కుదుపు లేకుండా పైకెత్తితే చాలు. ఆ తరువాత రాడ్‌ను వంపు తిరిగేలా ఎత్తి పట్టుకోండి, ఎందుకంటే దారానికి రావలసిన అదురును ఆ వంపే తనలోకి తీసుకుంటుంది. రాడ్ కొనను నేరుగా చేప వైపు చూపితే బరువంతా టిపెట్ మీదే పడుతుంది. రీల్ బిగింపును టిపెట్ బలంలో నాలుగో వంతుకు మించనీయకండి. నిలిచి ఉన్న రీల్‌ను తిప్పడానికి, తిరుగుతున్నదాన్ని తిరగనివ్వడానికి కన్నా ఎక్కువ బలం కావాలి కాబట్టి, చేప పరుగు మొదలెట్టిన ఆ తొలి కుదుపు దగ్గరే చాలా దారాలు తెగుతాయి. చేప గాల్లోకి ఎగిరితే రాడ్ కొనను దించి దారానికి కాస్త వదులివ్వండి. ప్రవాహం వాలున పారిపోతుంటే చేప లాగుడికి నీటి లాగుడు కూడా తోడవుతుంది. నిలబడ్డచోటనే లాగక, ఒడ్డు వెంబడి దానికి సమంగా నడవండి.

నీటిలో ఉన్న చేప బరువును చాలావరకు నీరే మోస్తుంది. అందుకే కిలో, ఒకటిన్నర కిలో బరువు మోసే టిపెట్‌తో అంతకన్నా పెద్ద చేపను కూడా రప్పించగలం. కాని అదే చేపను దారంతో పైకెత్తబోతే క్షణంలో తెగుతుంది, వల కిందనుంచి పట్టాలి. దగ్గరకు వచ్చాక బయట మిగిలే దారం పొట్టిది, సాగుదల తక్కువ. కాళ్లముందు చివరి కుదుపుకు తెగేవి అందుకే. అలాగని భయంతో చేపను మరీ ఎక్కువసేపు ఆడించకండి. అలసిపోయిన ట్రౌట్‌ను వదిలినా బతుకుతుందన్న నమ్మకం లేదు. నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కినప్పుడు అసలు పట్టకపోవడమే మంచిది.

నైలాన్ నీటిని పీల్చుకొని తడిలో కొంత బలం కోల్పోతుంది, ఎండకు క్రమంగా దెబ్బతింటుంది, పాతచుట్టను నమ్మకండి. ఫ్లోరోకార్బన్‌కు ఆ రెండు బెడదలూ తక్కువే, రాపిడికి కూడా బాగా ఓర్చుకుంటుంది, కాని అది నీటికన్నా బరువైనది గనుక తేలే ఫ్లైకి నేను నైలాన్‌నే వాడతాను.

తెగినప్పుడు చేప పోయిందని చింతించేముందు మిగిలిన కొసను వెలుతురులో చూడండి. పంది తోకలా మెలి తిరిగి ఉంటే ముడి జారిందని అర్థం. చిన్నప్పుడు ఒకే సాయంత్రం వరుసగా మూడు చేపలు పోయి, దారం పుచ్చిపోయిందని దాన్ని తిట్టాను. మూడు కొసలూ అలాగే మెలి తిరిగి ఉన్నాయని మర్నాడు ఎవరో చూపేదాకా నాకు తట్టలేదు. కొస నున్నగా, ముడి ఉన్నచోటనే తెగి ఉంటే పొడిగా బిగించి ఉంటారు, లేదా కుదిపి ఉంటారు. మధ్యలో తెగి, చివర గరుకుగా ఉంటే రాయికి రాసుకుంది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఒక స్ప్రింగ్ త్రాసు కొక్కేనికి ఒకే చుట్టలోని 6ఎక్స్ ముక్కలు మూడింటిని, ఒకటి తడిపి, ఒకటి పొడిగా ముడివేసి, మూడోదాన్ని తడిపి ముడివేశాక మధ్యలో గాలిముడి కూడా వేసి, ఒక్కొక్కటిగా నిదానంగా లాగి, ఏది ఎంత దగ్గర తెగిందో రాసుకోండి. లాగేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. వచ్చిన అంకెలను నాకు రాయండి.

మీ తాతయ్య