బుష్ ఎంత గట్టిగా ఉండాలి?

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఓ చిన్న షెడ్డు. నా పాత సెడాన్ ర్యాంపు మీద ఉంది. మెకానిక్ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు అడుగుభాగానికి కలిపే ఇనుప చేయి) విప్పి, దాని కీలులో ఉండే బుష్‌ని ప్రెస్ కింద పెట్టి ఊడదీసి నా చేతిలో పెట్టారు. నడుమ ఇనుప గొట్టం, దాని చుట్టూ నల్ల రబ్బరు, బయట ఇంకో ఇనుప రింగు. మొత్తం కలిపి గారెంత. రబ్బరు మీద గోరు నొక్కితే దిగలేదు. ఒక పక్కన గొట్టాన్ని వదిలేసి చీలిపోయి ఉంది.

"మోకాల్లో గుజ్జు అరిగినట్టేనండీ" అన్నారాయన.

పదిహేనేళ్లు దాటిన హోండా సిటీ వీటెక్‌నో, మిత్సుబిషి సీడియానో, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌నో ప్రేమగా ఉంచుకున్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల డబ్బు ముందు టైర్లకూ, షాక్ అబ్జార్బర్లకూ పోతుంది. బుష్‌ల దాకా వచ్చేసరికి అందరూ చెప్పే సలహా ఒకటే: రబ్బరు తీసేసి పాలీ అనే ప్లాస్టిక్ బుష్ వేయించు, గట్టిగా ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ బుష్ ఎటువైపు ఎంత మెత్తగా ఉండాలో కారు తయారుచేసినవాళ్లు లెక్కగట్టి పెడతారు. ఆ లెక్క చూడకుండా గట్టిది బిగిస్తే డబ్బు పోయి, సుఖమూ పోతుంది.

బ్రేక్ వేసినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. కారు బరువు 1,300 కిలోలు అనుకుందాం. బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో అడ్డొచ్చి గట్టిగా బ్రేక్ తొక్కితే రోడ్డు కారును సుమారు 1,000 కిలోల బరువంత బలంతో వెనక్కి లాగుతుంది. అందులో 70 శాతం దాకా ముందు చక్రాల మీదే పడుతుంది. అంటే ఒక్కో ముందు చక్రాన్ని దాదాపు 350 కిలోల బలం వెనక్కి గుంజుతోంది. ఆ గుంజుడులో చాలా భాగాన్ని ఆపాల్సింది ఈ గారెంత రబ్బరే. అది చీలిపోయి ఉంటే ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, చక్రం ఉండాల్సిన కోణం మారిపోతుంది, స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. చాలామంది దీన్ని అలైన్‌మెంట్ సమస్య అనుకుని నెలకోసారి అలైన్‌మెంట్ చేయించుకుంటూ ఉంటారు.

చాలా కార్లలో ఎల్ ఆకారపు లోయర్ ఆర్మ్‌కి రెండు బుష్‌లుంటాయి. ముందుది గట్టిది. మలుపులో చక్రం పక్కకి జరగకుండా పట్టుకునేది అదే. వెనకది మెత్తది. దాని రబ్బరులో నెలవంకల్లాంటి ఖాళీలు వదులుతారు. గుంతలో పడ్డప్పుడు చక్రం కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిగి దెబ్బను మింగేది ఆ ఖాళీల వల్లే. చూసేవాళ్లకు అది నాసిరకం సరుకులా అనిపిస్తుంది. నిజానికి అందులో ఉన్న తెలివంతా ఆ ఖాళీలోనే ఉంది. కొత్త బుష్ ప్రెస్ చేసేటప్పుడు ఆ నెలవంకలు ఏ దిక్కున ఉండాలో ముందే గుర్తు పెట్టుకోవాలి. అడ్డంగా తిరిగిపోతే మెత్తగా ఉండాల్సినచోట గట్టిగా, గట్టిగా ఉండాల్సినచోట మెత్తగా తయారవుతుంది.

రబ్బరు అసలు ఎందుకు సాగి మళ్లీ వెనక్కి వస్తుంది? ఓ రబ్బర్ బ్యాండ్‌ని పెదవికి ఆనించి ఒక్కసారిగా సాగదీయండి, వెచ్చగా తగులుతుంది. వదిలితే చల్లబడుతుంది. 1805లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ గాఫ్ దీన్ని ఇలాగే పెదవితో కనిపెట్టి రాశారు. ఆయనకు చూపు లేదు. ఇంట్లో ఎవరైనా చేసి చూడగల ఇంత గొప్ప ప్రయోగం ఇంకోటి నాకు తెలియదు. రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసులు చిక్కుపడ్డ దారంలా ఉంటాయి, ఎప్పుడూ కదులుతుంటాయి. లాగితే తిన్నగా అవుతాయి, వదిలితే ఆ కదలికే వాటిని మళ్లీ చిక్కులోకి లాగేస్తుంది. ఈ గొలుసుల మధ్య గంధకంతో ముడులు వేస్తేనే రబ్బరు ఎండకు కరగకుండా, చలికి పెళుసెక్కకుండా నిలబడుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుక్కున్నది ఇదే.

అయితే ఆ ముడులు అలాగే ఉండిపోవు. గాలిలోని ఆక్సిజన్, వేడి కలిసి కొన్ని గొలుసులను తెంపుతాయి, కొన్నిచోట్ల అక్కర్లేని కొత్త ముడులు వేస్తాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని ఓ మోటు లెక్క. మే నెలలో విజయవాడ ఎండ 45 డిగ్రీలు తాకిన రోజున, తారు రోడ్డు మీద, ఇంజిన్ పక్కన ఉండే బుష్ సంగతి ఊహించుకోవచ్చు. ఓజోన్ ఇంకో శత్రువు. సాగి ఉన్న రబ్బరు పైపొరను అది కోస్తుంది, ఆ పగుళ్లు సాగిన దిశకు అడ్డంగా వస్తాయి. కాబట్టి పగుళ్లు చూస్తే బుష్ ఇన్నాళ్లూ ఎటు లాగబడిందో చెప్పొచ్చు.

పాలీ అంటే పాలీయూరిథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం తయారుచేసింది. నూనెకు, ఓజోన్‌కు బాగా తట్టుకుంటుంది. కాఠిన్యాన్ని కొలిచే షోర్ ఏ కొలమానం మీద రబ్బరు బుష్ సాధారణంగా 50 నుంచి 70 మధ్య ఉంటే, పాలీ 80 నుంచి 95 దాకా పోతుంది. అసలు తేడా మాత్రం వేరేచోట ఉంది. రబ్బరు బుష్ ఇనుముకు అంటుకుని ఉంటుంది, ఆర్మ్ పైకీ కిందికీ ఊగితే రబ్బరే మెలితిరుగుతుంది. పాలీ అంటుకుని ఉండదు, గొట్టం మీద తిరుగుతుంది. బండి ఇరుసులాగే దానికి కందెన కావాలి. కందెన ఆరిపోతే అదే కీచుమనే చప్పుడు. అందుకే సిలికాన్ గ్రీజు రాసి బిగిస్తారు, కొన్నాళ్లకు మళ్లీ విప్పి రాయాలి.

రబ్బరు మెలితిరుగుతుంది అన్నాను కదా, నాకు నష్టం జరిగింది అక్కడే. అంతకుముందు ఒకచోట కొత్త రబ్బరు బుష్‌లు వేయించాను. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేశారు. అప్పుడు రబ్బరుకు ఆ వేలాడే స్థితే విశ్రాంతి స్థితి అవుతుంది. కారు నేల మీదికి దిగగానే మెలితిరిగి, ఆగి ఉన్నా అలాగే మెలికలో ఉండిపోతుంది. ఏళ్ల తరబడి రావాల్సిన రబ్బరు ఏడాది లోపే చీలింది. బోల్టులు ముందు వదులుగా పెట్టి, కారు బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. ఈ ఒక్క మాట మీ మెకానిక్‌తో తప్పకుండా చెప్పండి, మొహమాటపడకండి.

ఈసారి ఆటోనగర్‌లో ఆ మెకానిక్‌తో కూర్చుని నిర్ణయించుకున్నాం. లోయర్ ఆర్మ్ వెనక బుష్‌కి కంపెనీ రబ్బరే, నెలవంకలతో సహా. ముందు బుష్‌కీ కొత్త రబ్బరే. స్టెబిలైజర్ బార్‌ని పట్టుకునే బుష్‌లకు మాత్రం పాలీ. ఆ బార్ మలుపులో కారు ఒరగకుండా చూస్తుంది, అక్కడ కాస్త గట్టిగా ఉంటే ప్రయోజనం వెంటనే తెలుస్తుంది, గుంతల దెబ్బ మాత్రం పెద్దగా పెరగదు. రేస్ ట్రాక్ మీదికి వెళ్లేవాళ్ల లెక్క వేరు. గుంటూరు, విజయవాడ మధ్య రోజూ తిరిగేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

బోల్టుల చివరి బిగింపు కారును నేల మీదికి దించి, నాలుగు చక్రాల మీద నిలబెట్టాకే జరిగింది. తర్వాత అలైన్‌మెంట్. సాయంత్రం కనకదుర్గ వారధి ఎక్కాను. వంతెన అతుకుల మీద ఇన్నాళ్లూ వినిపించిన టక్ టక్ లేదు. బ్రేక్ వేస్తే స్టీరింగ్ తిన్నగా నిలబడింది.