డాక్యుమెంటరీకి అండ: దాతలు, దర్శకులు నమ్మే కొన్ని అపోహలు, అసలు వాస్తవాలు

సామాజిక విషయాల మీద డాక్యుమెంటరీలు తీసేవాళ్లకు అండగా ఉండే ఒక చిన్న ట్రస్టులో పనిచేస్తున్నాను, హైదరాబాద్‌లో. బడ్జెట్ రాయించడం, గ్రాంటు వెతకడం, లాయరుతో మాట్లాడించడం, సినిమా అయ్యాక ఊళ్లలో ప్రదర్శనలు పెట్టించడం మా పని. కొత్త దర్శకుల నుంచీ దాతల నుంచీ పదే పదే వినే మాటలు కొన్నున్నాయి. వాటిలో నిజమెంతో చెబుతాను.

అపోహ: డబ్బిచ్చినవాళ్లు ఎలా చెబితే అలా తీయాలి

ఏదైనా సంస్థ తన పథకం గురించి వీడియో తీయించుకుంటే అది ఆర్డర్ పని. అక్కడ డబ్బిచ్చినవాళ్ల మాటే చెల్లుతుంది, అందులో తప్పూ లేదు. గ్రాంటు లెక్క వేరు. మేం రఫ్ కట్ (ఎడిటింగ్ పూర్తికాని తొలి కూర్పు) చూస్తాం, అనిపించింది చెబుతాం, ఫైనల్ కట్ మీద చివరి మాట మాత్రం దర్శకుడిదే. అయితే ఆ సంగతి కాగితం మీద ఉండాలి. "మా చైర్మన్‌గారి బైట్ (కెమెరా ముందు చెప్పే నాలుగు మాటలు) ఒకటి పెట్టండి" అని చివర్లో అడిగే దాతలు తక్కువేం కాదు. ఒప్పందంలో రాసి లేకపోతే ఆ బైట్ పెట్టక తప్పదు. చెక్కు మీది అంకె కన్నా ముందు ఆ వాక్యం ఉందో లేదో చూసుకోండి.

అపోహ: అమెరికాలో మనవాళ్లు ఇంతమంది ఉండగా డబ్బుకేం కొదవ?

ఇచ్చే మనసున్నవాళ్లు ఉన్నారు. చిక్కంతా పాస్‌పోర్టు దగ్గరే. ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం ప్రకారం, భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డు) ఉన్నా సరే, ఆయన ఇచ్చేది విదేశీ విరాళమే. రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని ముట్టుకోకూడదు. డల్లాస్‌లో ఉండే అన్నదమ్ములిద్దరు చెరో లక్ష ఇస్తామంటే, ఒకరిది తీసుకుని ఇంకొకరికి దణ్ణం పెట్టాల్సి రావచ్చు.

2020 సవరణతో ఇంకో ముడి పడింది. విదేశీ విరాళాన్ని ఒక సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. పెద్ద సంస్థ బయటి నుంచి నిధులు తెచ్చి చిన్నవాళ్లకు పంచే పద్ధతి దాంతో ఆగిపోయింది. "ఫలానా వాళ్ల దగ్గర కోట్లున్నాయట, మీకెందుకివ్వరు?" అనేవాళ్లకు నా జవాబు ఇదే. 2000లో ఢిల్లీలో మొదలైన పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్ట్ దూరదర్శన్‌తో కలిసి వందల డాక్యుమెంటరీలు తీయించింది. అలాంటి ఏర్పాటు ప్రతి భాషలో ఒకటి ఉండాల్సింది. తెలుగులో లేకపోవడం పెద్ద లోటని నా అభిప్రాయం.

అపోహ: డాక్యుమెంటరీకి సెన్సార్ ఉండదు

ఉంటుంది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టానికి కథాచిత్రం, డాక్యుమెంటరీ అన్న తేడా లేదు. బహిరంగంగా ప్రదర్శించాలంటే సర్టిఫికెట్ కావాలి. సినిమాలకు సెన్సార్ రాజ్యాంగబద్ధమేనని 1970లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు కూడా దర్శకుడు కె.ఎ. అబ్బాస్ తీసిన ఒక చిన్న డాక్యుమెంటరీ గురించిందే. ఫిల్మ్ ఫెస్టివల్‌ అయితే కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవచ్చు. యూట్యూబ్‌లో పెట్టేదానికి సెన్సార్ బోర్డుతో పనిలేదు, ఇంటర్నెట్‌లో పెట్టేవాటికి ఉండే ఐటీ (సమాచార సాంకేతిక) నిబంధనలు మాత్రం వర్తిస్తాయి. కమ్యూనిటీ హాల్లో చూపిస్తుండగా ఎవరో వచ్చి ఆపమంటే, చేతిలో సర్టిఫికెట్ ఉన్నప్పుడు టెన్షన్ సగం తగ్గుతుంది.

అపోహ: డాక్యుమెంటరీలంటే బోర్

ఈ మధ్య ఒకటైనా చూశారా అని అడిగి ఊరుకుంటాను.

అపోహ: కెమెరా పట్టాలంటే ఫిల్మ్ స్కూల్లో చదవాలి

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వెళ్లి ఈ మాట అనండి. అక్కడి డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983లో మొదలైంది. 1990ల చివర్లో ఆ సొసైటీ మహిళా సంఘాల్లోని దళిత మహిళలు వీడియో నేర్చుకున్నారు. చిరుధాన్యాలు పండించే రైతులు, కూలీలు వాళ్లు. చాలామందికి చదవడం, రాయడం రాదు. షూటింగ్, ఎడిటింగ్ వాళ్లే చేస్తారు. షాట్లకు వాళ్లు పెట్టుకున్న లెక్క చూడండి. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్, ఎందుకంటే ఊళ్లో దొర మనుషుల్ని చూసేది అలాగే. కిందినుంచి పైకి చూస్తే బానిస షాట్. మాట్లాడే మనిషితో సమానంగా కూర్చుని, కంటి ఎత్తులో తీస్తే సంఘం షాట్. మా దగ్గరికొచ్చే కుర్రాళ్లు డ్రోన్‌కి ఎంత అద్దె రాశారో చూసినప్పుడల్లా నాకు ఈ పటేల్ షాట్ గుర్తొస్తుంది.

అపోహ: అనుమతి పత్రం మీద సంతకం ఉంటే చాలు

'ఖబర్ లహరియా' అనే వార్తాసంస్థ మహిళా విలేకరుల మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. సరిగ్గా అవార్డుల ముందు ఆ సంస్థే ఒక ప్రకటన ఇచ్చింది. సినిమా శక్తిమంతంగా ఉంది గానీ, తాము ఒకే పార్టీ వార్తల మీద దృష్టి పెట్టినట్టు చూపడం సరికాదని. ఎవరిది న్యాయమో నేను తేల్చను. అంత పేరొచ్చిన సినిమాకే ఆ పరిస్థితి వచ్చిందంటే సంతకం ఎంతవరకు పనికొస్తుందో అర్థమవుతుంది. అందుకే ఎడిటింగ్ పూర్తి కాకముందే, సినిమాలో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి చూపించమంటాం. కెమెరా ముందు వడ్డీ వ్యాపారి పేరు చెప్పిన ఆవిడ మళ్లీ అదే ఊళ్లో బతకాలి. క్లిప్ వాట్సాప్‌లో ఆ ఊరికే చేరుతుంది. ఆమె తీసేయమంటే తీసేయాల్సిందే.

అపోహ: మంచి సినిమా తీస్తే మార్పు దానంతటదే వస్తుంది

దాతలకు అన్నిటికన్నా ఇష్టమైన అపోహ ఇది. 2002లో బీటీ పత్తికి (పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తి) అనుమతి వచ్చాక పస్తాపూర్ మహిళలు వరంగల్ రైతుల చేలల్లో ఏం జరుగుతోందో సీజన్ పొడవునా చిత్రించారు. 2005లో మూడు బీటీ రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. అది సినిమా గెలుపే అనను. పొలాల్లో చేసిన అధ్యయనాలున్నాయి, నష్టపరిహారం కోసం రైతుల ఆందోళనలున్నాయి. పైగా ఆ తర్వాత కొత్త బీటీ రకాలొచ్చాయి, ఇవాళ తెలంగాణలో పత్తి చేనంటే దాదాపు బీటీ చేనే. ఆ సినిమా వల్ల రైతు నష్టానికి కళ్లెదుట సాక్ష్యం దొరికింది. నా లెక్కలో అది చిన్న విషయం కాదు.

సాక్ష్యం చేరాల్సినచోటికి చేర్చడం వేరే పని, దానికి వేరే బడ్జెట్ కావాలి. పత్తి ఏరే రోజుల్లో పత్తి రైతు మీద సినిమా వేస్తే చూడ్డానికి రైతులుండరు. ఆడవాళ్లు రావాలంటే వంటలయ్యాక, రాత్రి ఎనిమిదిన్నర తర్వాతే తెర కట్టాలి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో సబ్‌టైటిల్స్ చదవలేని పెద్దవాళ్ల కోసం గోండీలో వాయిస్ ఓవర్ చెప్పించాలి. కలెక్టరేట్‌లో గంటా పది నిమిషాలు ఎవరూ కూర్చోరు, అక్కడికి ఇరవై నిమిషాల కట్ ఒకటి తయారు చేసుకోవాలి.

మా దరఖాస్తులో "ప్రేక్షకులు ఎవరు?" అన్న గడిలో చాలామంది "అందరూ" అని రాస్తారు. అలాంటివి వచ్చినప్పుడు ఫోన్ చేసి మళ్లీ అడుగుతాం: ఏ ఊరు, ఏ ఆఫీసు, ఏ నెల?