కూచిపూడిలో కోపం: అపోహలు – వాస్తవాలు

అపోహ: కోపం చూపించాలంటే కళ్ళు పెద్దవి చేస్తే చాలు.

వాస్తవం: పిల్లల పోటీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. కనుబొమలు పైకెత్తి కళ్ళు విప్పార్చితే చూసేవాళ్ళకి అది భయంగానో ఆశ్చర్యంగానో తోస్తుంది. కోపానికి బొమలు ముడిపడాలి, కింది రెప్ప బిగుసుకోవాలి, చూపు ఒకేచోట నిలవాలి. నాట్యశాస్త్రం కనుబొమలకి 7 కదలికలు చెప్పింది, అందులో కోపానిది భ్రుకుటి, అంటే బొమలు ముడవడం. పెదవికి చెప్పిన 6 కదలికల్లో సందష్టం, అంటే పంటితో పెదవి కొరకడం, కోపానిదే. మా క్లాసులో పిల్లలని ముక్కు కింద నుంచి మొహం చేత్తో మూసుకుని కళ్ళతోనే కోపం చూపించమంటాను. తమ కళ్ళు ఏ పనీ చేయడం లేదని చాలామందికి అద్దంలో అప్పుడే తెలుస్తుంది. కింది రెప్ప ఒక్కటీ బిగించడం పట్టుబడాలంటే వారాలు పడుతుంది. తల్లిదండ్రులు తొందరపెట్టకండి.

అపోహ: సత్యభామ కోపమూ నరసింహస్వామి కోపమూ ఒకటే. ఒకటి కాస్త తక్కువ, ఒకటి ఎక్కువ.

వాస్తవం: కానే కాదు. నరసింహుడిది రౌద్రరసం, దానికి స్థాయీభావం, అంటే మొదటి నుంచి చివరిదాకా నిలిచి ఉండే భావం, క్రోధం. సత్యభామ కథ ఆడే కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో ఆమెది శృంగారం. అక్కడ స్థాయి రతి, అంటే ప్రేమ. అసూయ, అమర్షం (ఓర్వలేనితనం) సంచారీభావాలుగా, అంటే కాసేపు ఉండి పోయే భావాలుగా వచ్చిపోతుంటాయి. అందుకే కృష్ణుడు ఎదుట ఉన్నప్పుడు ఆమె మూతి ముడిచి మొహం తిప్పుకున్నా, చూపు మాత్రం ఓరగా అటే వెళ్ళాలి, స్వామి తనని చూస్తున్నాడా లేదా అని. ఆ ఓరచూపు లేకపోతే అలక కాస్తా తగాదా అయిపోతుంది. నాకు ఈ ఒక్క విషయంలో రాజీ కుదరదు.

అపోహ: అలక అభినయం ఆడవాళ్ళకే వస్తుంది.

వాస్తవం: కూచిపూడిలో తరతరాలుగా స్త్రీవేషాలు కట్టింది మగవాళ్ళే. స్త్రీవేషాలకి పేరుపొందిన కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణశర్మ గారి పేరు చెప్పగానే ఇప్పటికీ సత్యభామే గుర్తొస్తుంది.

అపోహ: కోపం పండాలంటే నిజంగానే కోపం తెచ్చుకోవాలి.

వాస్తవం: నిజంగా కోపమొస్తే ఊపిరి అదుపు తప్పుతుంది, దాంతో తాళమూ పోతుంది. పాత్రకి ఎవరి మీద, ఎందుకు కోపమొచ్చిందో సాహిత్యంలోనే ఉంటుంది. ముందు పిల్లలకి దరువు, అంటే పాత్ర అభినయించే పాట, అర్థం చెప్పండి, బొమలు తర్వాత.

అపోహ: ఎర్రలైటు వేస్తే రౌద్రం అదిరిపోతుంది.

వాస్తవం: రౌద్రానికి ఎరుపు రంగని నాట్యశాస్త్రమే చెప్పింది, నిజమే. కానీ స్టేజీ అంతా ఎర్రలైటు పరిస్తే పెదవుల ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, పెదవి ఏం చేస్తోందో వెనక వరసలకి తెలియదు. మొహం మీద మామూలు లైటే ఉంచి, ఎరుపు వెనక నుంచి వేయించండి.