ఆకుకు తగలని పొగ

కొండపి వైపు నుంచి ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న వారం రోజులుగా నన్ను వదలడం లేదు. "మా పొగాకు బ్యారన్‌లో రాత్రింబవళ్లు కట్టెలు మండుతున్నా లోపల పొగ ఉండదు. మా అమ్మ వంటింట్లో నాలుగు పుల్లలు పెడితేనే ఇల్లంతా పొగ కమ్ముతుంది. ఎందుకండీ?"

బ్యారన్ అంటే పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే గది. దాని పొయ్యి నోరు గోడ బయటికి ఉంటుంది. మంట వేడి ఇనుప గొట్టాల్లో గది చుట్టూ తిరిగి, పొగ చిమ్నీ గుండా పైకి పోతుంది. ఆకుకు చేరేది వేడి మాత్రమే. గొట్టం అతుకులో సందు పడితే ఆకుకు పొగ వాసన పట్టి వేలంలో ధర పడిపోతుందని రైతుకు తెలుసు కనుక, ప్రతి అతుకునూ ముందే సరిచూసుకుంటాడు. ఆ జాగ్రత్తలో పదో వంతైనా వంటింటికి దక్కలేదు. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలని పట్టుబట్టే ఇళ్లలో సైతం పొగ ఏ దారిన పోవాలన్న ఆలోచన కనబడదు.

మరి వంటింటికీ గొట్టం పెడితే సరిపోదా? గొట్టం పొగను లాగేది వేడి గాలి తేలిక కావడం వల్లనే. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.16 కిలోలు, 150 డిగ్రీల దగ్గర 0.83 కిలోలు. రెండు మీటర్ల గొట్టంలో ఈ తేడా కలిగించే ఒత్తిడి ఆరున్నర పాస్కల్‌లు, అంటే మిల్లీమీటరు ఎత్తు నీటి ఒత్తిడి కన్నా తక్కువ. ఇంత బలహీనమైన లాగుడును మసి సులువుగా ఓడిస్తుంది. పది సెంటీమీటర్ల గొట్టంలో చుట్టూ ఒక సెంటీమీటరు మసి పేరుకుంటే దారి 36 శాతం తగ్గుతుంది. అంతే పొగను పంపడానికి కావలసిన ఒత్తిడి దాదాపు మూడు రెట్లవుతుంది. అప్పుడు పొగ పొయ్యి నోటి నుంచే వెనక్కి తంతుంది.

1983లో మొదలై 2002లో ముగిసిన జాతీయ కార్యక్రమం మూడు కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలను పంచింది. ఒడిశాలో రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు గొట్టం పొయ్యిలు ఇచ్చిన ఇళ్లను నాలుగేళ్లు గమనించారు. వంట చేసేవారు పీల్చే పొగ మొదటి ఏడాది తగ్గింది, ఆ తర్వాత ఆ మేలు కనబడలేదు. పొయ్యిలను క్రమంగా వాడలేదు, మరమ్మతులూ తగినంతగా జరగలేదు. బ్యారన్ రైతుకు అతుకు పాడైతే ఆ పంటలోనే నష్టం తెలుస్తుంది. ఊపిరితిత్తుల నష్టం తరచూ ఎన్నో ఏళ్లకు గానీ బయటపడదు. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అసలు పొగ అంటే చాలావరకు కాలకుండా మిగిలిన కట్టే. మా అమ్మ ఊదుగొట్టంతో ఊదగానే పొగ మాయమై మంట లేచేది. వేడెక్కిన కట్టె వదిలే ఆవిరులు పూర్తిగా మండాలంటే 600 డిగ్రీలకు పైబడిన వేడి, తగినంత గాలి, రెండూ కలిసేందుకు కొంత వ్యవధి కావాలి. నీళ్లున్న గిన్నె అడుగు తగలగానే ఆ మంట చల్లబడి మసిగా అంటుకుంటుంది. మండడానికి ఆక్సిజన్ కావాలని బడిలో వల్లె వేయిస్తారు కానీ, ఆర్పిన కొవ్వొత్తి నుంచి లేచే పొగకు అగ్గిపుల్ల చూపి, మంట ఆ పొగ వెంట వత్తిదాకా దిగిరావడాన్ని చూపరు. ఒక్కసారి చూసిన పిల్లవాడు దాన్ని మరచిపోడు. గ్యాస్ పొయ్యిలో గాలి ముందే కలిసి వస్తుంది కనుక మంట నీలంగా ఉంటుంది, గిన్నె అడుగు నల్లబడదు.

1999లో వచ్చిన దీపం పథకం, 2016 నాటి ఉజ్జ్వల వల్ల మన పల్లెల్లోకి గ్యాస్ పొయ్యి చేరింది. అయినా పెరట్లో మూడు రాళ్ల మీద నీళ్ల కాగు ఇంకా మరుగుతూనే ఉంది. చిల్లకంప ఊరికే దొరుకుతుంది, సిలిండరుకు డబ్బంతా ఒకేసారి కట్టాలి. కూలి డబ్బు వారం వారం చేతికొచ్చే ఇంటికి 14.2 కిలోల సిలిండరు కన్నా 5 కిలోల సిలిండరు అందుబాటులో ఉంటుంది. గ్యాస్ వాడకాన్ని పెంచాలనుకునేవారు ఎన్ని కనెక్షన్లు ఇచ్చారో లెక్కించడంతో ఆగక, స్నానాల నీళ్లు దేనిమీద కాగుతున్నాయో ఇంటింటా అడగాలని నా అభిప్రాయం. పెరట్లో ఆ మూడు రాళ్ల పొయ్యి ఉన్నంతకాలం దాన్ని వంటింటి కిటికీకి దూరంగా జరపాలి, పచ్చికంపను బాగా ఎండిన తర్వాతే పెట్టాలి. కట్టెలోని ఒక్క కిలో నీరు ఆవిరి కావడానికే దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడి ఖర్చవుతుంది, ఆ మేరకు మంట చల్లబడి పొగ పెరుగుతుంది.