అక్వేరియం కింద పెట్టే చిన్న సంప్‌లో ముందు నీళ్ల లెక్క, ఆ తర్వాతే సామాను

మన నెల్లూరు జిల్లాలో అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేసేవాళ్లకి అమ్మోనియా అంటే ఏందో ఎవరూ చెప్పక్కర్లేదు, మేత ఎక్కువైతే అడుగున ఏం పోగవుతుందో, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే ఏరియేటర్ల దగ్గరికి ఎట్ట పరిగెత్తాలో అన్నీ తెలుసు. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టినా జరిగేది అదే, కాకపోతే ఎకరం గుంట బదులు 150 లీటర్ల గాజు తొట్టి కాబట్టి ఏదన్నా తేడా వస్తే సర్దుకోడానికి టైం ఉండదు.

చేప ఒంట్లోని నత్రజని వ్యర్థం మొప్పల్లోంచి ఎక్కువగా అమ్మోనియాగానే బయటికొస్తుంది. మంచినీళ్లలో కన్నా ఉప్పునీళ్లలో ఇది ప్రమాదం, ఎందుకంటే సముద్రపు నీళ్ల పీహెచ్ 8.2 దగ్గర ఉంటది, పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లు అవుతుంది. దీన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తే ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది, నైట్రేట్ వీటంత విషం కాదు. ఈ బ్యాక్టీరియా ఉండేది పైన మెయిన్ తొట్టిలో పెట్టిన రాళ్ల మీద, ఇసకలో. అంటే అసలు ఫిల్టర్ పైనే ఉంది, చేపలు తక్కువుండి రాళ్లు సరిపడా ఉంటే కింద సంప్‌లో బ్యాక్టీరియా పట్టడానికని అమ్మే బయోబాల్స్, సిరామిక్ రింగులు నింపాల్సిన పని లేదు. షాపులో అవి చూస్తే కొనాలనిపిస్తుంది, అది వేరే సంగతి.

మరి కింద కబోర్డులో పెట్టే రెండో తొట్టి, అదే సంప్, దేనికి? స్కిమ్మర్ (నురగతో చెత్త తీసే పరికరం), హీటర్, పంపు కంటికి కనపడకుండా ఉండటానికి, మొత్తం నీళ్లు ఇంకాస్త పెరగటానికి. పైన తొట్టిలో ఓవర్‌ఫ్లో అంచు మీదుగా నీళ్లు సంప్‌లోకి దిగుతుంటాయి, పంపు వాటిని రిటర్న్ పైపులోంచి మళ్లీ పైకి తోస్తుంటుంది. చిన్న సంప్ అనగానే అందరూ ఏ స్కిమ్మర్ పడుతుంది, ఏ రియాక్టర్ (నీళ్లని శుభ్రం చేసే పదార్థం నింపిన గొట్టం) పడుతుంది అని టేపు పట్టుకుని కొలుస్తారు. నేనైతే ముందు కరెంటు పోతే ఏమవుతుందో చూడమంటాను, మన దగ్గర అది ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు కదా.

లెక్క ఇట్ట ఉంటది. పైన తొట్టి 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు అనుకుందాం, అందులో ఒక సెంటీమీటరు నీళ్లంటే 3.6 లీటర్లు. కరెంటు పోగానే పంపు ఆగుతుంది, పైన ఓవర్‌ఫ్లో అంచు దాకా నీళ్లు కిందికి దిగుతాయి, ఒక 3 సెంటీమీటర్లు దిగినా దాదాపు 11 లీటర్లు. కింద సంప్ 60 పొడవు, 30 వెడల్పు ఉంటే ఈ 11 లీటర్లకి 6 సెంటీమీటర్లు పైకి లేస్తుంది, పైపుల్లో ఉన్న నీళ్లు దానికి అదనం. ఇంతవరకు పర్లేదు. కానీ రిటర్న్ పైపు నోరు నీళ్లలో 10 సెంటీమీటర్ల లోతున పెట్టారనుకోండి, సైఫన్ పడి, అంటే అదే పైపు నీళ్లని వెనక్కి కిందికి లాగుతూ, ఆ లోతు దాకా దించేస్తుంది, 36 లీటర్లు, సంప్‌లో 20 సెంటీమీటర్లు, ఇక హాల్లో గచ్చంతా ఉప్పునీళ్లే. అందుకే నోరు నీటి మట్టానికి కాస్త కిందే పెట్టాలి, పైపుకి మట్టం దగ్గర చిన్న చిల్లు కొట్టాలి, మట్టం దిగగానే చిల్లులోంచి గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. ఆ చిల్లు పాచితో మూసుకుపోతుంది కాబట్టి అప్పుడప్పుడు పుల్లతో పొడవాలి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు ఉందిలే అని ధైర్యంగా ఉండటం నాకు నచ్చదు, లోపల ఒక నత్తపిల్ల ఇరుక్కున్నా అది సరిగా మూసుకోదు.

ఇంక రెండో లెక్క ఆవిరి. గాజు అడ్డాలతో సంప్‌ని గదులుగా చేస్తాం, మొదటి గదుల్లో నీళ్లు అడ్డం ఎత్తు దాకా ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయి, పైన తొట్టిలో కూడా ఓవర్‌ఫ్లో వల్ల మట్టం మారదు, కాబట్టి మొత్తం సిస్టంలో ఆవిరైన నీళ్లన్నీ చివరి పంపు గదిలోనే తగ్గినట్టు కనిపిస్తాయి. ఆ గది 30కి 12 సెంటీమీటర్లు ఉంటే ఒక లీటరు ఆవిరికే దాదాపు 3 సెంటీమీటర్లు పడిపోతుంది. మే నెలలో వేడికి నీళ్ల మీద ఫ్యాన్ పెట్టుకుంటాం, ఆవిరితోనే చల్లబడేది కాబట్టి ఫ్యాన్ ఎంత పనిచేస్తే నీళ్లు అంత పోతాయి, రోజుకి రెండు లీటర్లు పోయినా పంపు గాలి పీల్చే స్థితి వస్తుంది. స్కిమ్మర్‌కి చోటు కావాలని ఈ చివరి గదిని నొక్కేసేవాళ్లకి ఇదే తంటా. పోయేది మంచినీళ్లు, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది, కాబట్టి మళ్లీ పోసేది ఆర్ఓ నీళ్లే, ఉప్పునీళ్లు కాదు. ఫ్లోట్ వాల్వు పెడితే రోజూ పొయ్యాల్సిన పని తప్పుతుంది. అన్నట్టు మైపాడు నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చుకునేవాళ్లు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా జాగ్రత్త, ఈశాన్య రుతుపవనాల వానలు, పెన్న నీళ్లు, ఉత్తరం నుంచి సముద్ర ప్రవాహంతో దిగొచ్చే నదుల నీళ్లు కలిసి తీరంలో ఉప్పు శాతం బాగా తగ్గుతుంది, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 దగ్గర ఉందో లేదో చూడకుండా పొయ్యొద్దు.

ఈ రెండు లెక్కలయ్యాక మిగిలిన చోటు స్కిమ్మర్‌ది. నీళ్లలో కరిగిన ప్రొటీన్ లాంటి వాటికి ఒక కొస నీళ్లని పట్టుకుంటుంది, ఇంకో కొస నీళ్లని తప్పించుకుని గాలి వైపు తిరుగుతుంది, అందుకే బుడగ పైపొర మీద చేరి దాంతోపాటు పైకెక్కుతాయి, బెల్లం కాచేటప్పుడు పైకి తేలిన మడ్డిని గరిటతో తీసినట్టు ఆ నురగని కప్పులోకి తోసెయ్యడమే స్కిమ్మర్ పని. కుళ్లి అమ్మోనియా కాకముందే చెత్త బయటికి పోతుందన్నమాట. మంచినీళ్ల తొట్టిలో ఇది సరిగా పనిచెయ్యదు, అక్కడ బుడగలు ఒకదాంతో ఒకటి కలిసి పెద్దవైపోయి గబుక్కున పైకొచ్చి పగిలిపోతాయి, ఉప్పు ఉంటే అట్ట కలవటం తగ్గి బుడగలు సన్నగా ఉంటాయి. మైపాడులో గాలి గట్టిగా ఉన్న రోజు ఒడ్డున మిగిలే నురగ వెనక ఉన్నదీ ఈ సంగతే.

స్కిమ్మర్‌కి కావాల్సింది మారని మట్టం. దాని బుక్‌లో నీటి లోతు రాసుంటుంది, చిన్నవాటికి 15 నుంచి 20 సెంటీమీటర్లు మామూలు. మట్టం రెండు సెంటీమీటర్లు పెరిగితే కప్పు పల్చటి నీళ్లతో నిండిపోతుంది, తగ్గితే నురగ పైకే రాదు. కాబట్టి పంపు గదిలో ఎప్పుడూ పెట్టొద్దు, ముందు గదిలో అడ్డం ఎత్తుకి సరిపోయేట్టు, లోతు ఎక్కువైతే కింద ప్లాస్టిక్ జాలీ ముక్కలు పేర్చి పెట్టండి. ఇంకోటి, కబోర్డు లోపల ఎత్తు కూడా కొలవాలి, స్కిమ్మర్ పడుతుంది కానీ కప్పు పైకెత్తి తియ్యడానికి పైన చోటుండదు, ఇక నెలల తరబడి కడగరు.

పై నుంచి దిగే నీళ్లని వడకట్టే బట్ట సంచి, అదే సాక్, పెడితే మూడు నాలుగు రోజులకోసారి ఉతకాలి, లేదంటే అందులో ఇరుక్కున్న మేత అక్కడే కుళ్లుతుంది. ఉతకలేమనుకుంటే సాక్ తీసెయ్యటమే మేలు. ఆల్గే (పాచి) పెంచే గది, రియాక్టర్లు చిన్న సంప్‌లో ఇరికించకండి.

పంపు విషయంలో పిసినారితనం వద్దు. కూలర్ పంపు చవగ్గా దొరుకుతుంది కానీ లోపల ఇనప భాగాలు ఉప్పునీళ్లకి తుప్పు పడతాయి, ఎక్కడన్నా రాగి, ఇత్తడి తగిలితే రొయ్యలు, కోరల్స్ తట్టుకోలేవు. సిరామిక్ షాఫ్ట్ ఉన్నది తీసుకోండి, స్విచ్‌బోర్డుకి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించండి, వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకెళ్లేట్టు పెట్టండి, అప్పుడు వైరు మీద జారే చుక్క ప్లగ్గులోకి పోదు.

ఉప్పు కలపకముందే మామూలు కుళాయి నీళ్లు నింపి అంతా నడిపించి, మెయిన్ స్విచ్ ఆపి, సంప్‌లో నీళ్లు ఎక్కడిదాకా లేస్తాయో చూడండి. పొంగకపోతే మళ్లీ ఆన్ చేసి, పంపు గదిలో నీళ్లున్న చోట మార్కర్‌తో గీత గీసుకుని అక్కడిదాకే నింపండి, పొంగితే కొన్ని నీళ్లు తోడేసి మళ్లీ స్విచ్ ఆపి చూడండి, కుళాయి నీళ్లే కదా, మాప్ పెట్టుకుంటే సరి.