పావురాల షూటింగ్: పాత తుపాకుల వాదనకు వందేళ్ల కిందటే వచ్చిన తీర్పు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో పావురాల షూటింగ్ నిషేధం మాట లేచినప్పుడల్లా సంప్రదాయం, వారసత్వం అన్న మాటలు వినిపిస్తాయి. పాత తుపాకుల అభిమానులు ఇంకొకటి కలుపుతారు: వందేళ్ల నాటి సైడ్-బై-సైడ్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాలు పక్కపక్కనే ఉండే) తుపాకులు కొన్ని పనిగట్టుకుని ఈ పోటీల కోసమే తయారయ్యాయి, పోటీ పోతే వాటిని ఇంకెక్కడ పేల్చాలని. పెట్టెలోంచి బతికున్న పావురాన్ని వదలడం, గాల్లో కొట్టడం, దాని మీద పందేలు కాయడం ఎప్పటి నుంచో ఉన్నవే. పుట్టిందే దీనికోసం అన్న ఇలాంటి వాదనే 1905-07 మధ్య లండన్‌లోనే కోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. ఇవాళ్టి గొడవలో దాన్ని ఎవరూ గుర్తు చేయడం లేదు.

థేమ్స్ ఒడ్డున ఉన్న హర్లింగ్‌హామ్ క్లబ్ 1869లో మొదలైంది పావురాల షూటింగ్ కోసమే. దాని చిహ్నంలో ఇప్పటికీ పావురం ఉంది. అక్కడి నియమాలే చాలా దేశాలకు ఆదర్శమయ్యాయి. అలాంటి క్లబ్‌లో 1905లో సభ్యుల్లో ఎక్కువమంది ఓటు వేసి ఆ పోటీలు ఆపేశారు. నచ్చనివాళ్లు ఊరుకోలేదు. క్లబ్ పుట్టిందే దీనికోసం, నియమావళిలో మొదటి మాటే ఇది, మెజారిటీ ఉన్నంత మాత్రాన దీన్ని తీసేసే హక్కు ఎక్కడిది అని కేసు వేశారు. థెలుసన్ వర్సెస్ వైకౌంట్ వాలెన్షియా అనే ఆ కేసులో 1907లో అప్పీలు కోర్టు మెజారిటీ వైపే నిలిచింది. పోలో ఉంది, మిగతా ఆటలున్నాయి, పావురాలు పోయినంత మాత్రాన క్లబ్ క్లబ్ కాకుండా పోదన్నది సారాంశం. 1921లో బంధించిన పక్షులను వదిలి కాల్చడాన్ని బ్రిటన్ చట్టం చేసి మరీ నిషేధించింది.

హర్లింగ్‌హామ్ ఓటుకు కొద్ది ఏళ్ల ముందే ఈ ఆట తారస్థాయిలో ఉంది. మోంటే కార్లోలో 1872 నుంచీ పెద్ద బహుమతుల పోటీ జరిగేది. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో బెల్జియంకు చెందిన లియాన్ డి లుండెన్ 21 పావురాలను కొట్టి గెలిచాడు. ఆ పోటీలో చచ్చిన పక్షులు దాదాపు 300. ఒలింపిక్స్‌లో కావాలని ప్రాణులను చంపింది ఆ ఏడాదే.

తుపాకీ సంగతి చూద్దాం, ఎందుకంటే అభిమానుల మాటలో సగం నిజం. పిజన్ గన్ నిజంగానే వేరు. మామూలు వేట తుపాకీ మూడు కిలోలుంటే ఇది మూడున్నర తూగుతుంది. 30 అంగుళాల బ్యారెల్స్, రెండింటికీ గట్టి చోక్ (రవ్వలు ఎక్కువగా చెదరకుండా గొట్టం చివర ఉండే ఇరుకు), 35 గ్రాముల రవ్వల తూటా పట్టే ఛాంబర్. చాలావాటికి సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) ఉండదు. పందెం డబ్బు టెన్షన్‌లో సేఫ్టీ తీయడం మర్చిపోతే పక్షి ఎగిరిపోతుందని. ఇదంతా ఒక్క నియమం వల్ల వచ్చింది: పావురం గీసిన హద్దు లోపలే పడాలి. కంచె దాటి పడి చస్తే లెక్కలోకి రాదు. అందుకే మొదటి దెబ్బ తగిలినా, హద్దు దాటనీయకుండా వెంటనే రెండో బ్యారెల్ పేలుస్తారు. దెబ్బ తిని కంచె అవతల పడ్డ పక్షి గెలుపు లెక్కలో లేదు, అది ఎంతసేపు కొట్టుకున్నా ఆట ఆగదు.

పక్షికి బదులు గాల్లోకి విసిరి కాల్చే మట్టి పళ్లెం వదిలిన క్షణంలో వేగంగా వెళ్లి తర్వాత నెమ్మదిస్తుంది, పావురం నెమ్మదిగా లేచి వేగం పుంజుకుంటుంది, కాబట్టి రెండూ ఒకటి కావని షూటర్లు అంటారు. అది నిజమే. కానీ హెలిస్ అనే పోటీ ఉంది. అయిదు యంత్రాల్లో ఏది వదులుతుందో తెలియదు. రెక్కలున్న ప్లాస్టిక్ టార్గెట్ గిరికీలు కొడుతూ లేస్తుంది. దాని మధ్యలోని తెల్ల బిళ్ల ఊడి కంచె లోపలే పడాలి, రెండు తూటాలు వాడుకోవచ్చు. అంటే పిజన్ గన్‌ను తయారు చేయించిన నియమం యథాతథంగా ఉంది, పక్షి ఒక్కటే లేదు. ఆ పాత తుపాకులకు అక్కడ పని దొరుకుతూనే ఉంది.

మన దగ్గర 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 11వ సెక్షన్, బంధించిన జంతువులను వదిలి కాల్చే పోటీలను నేరమంది. సంక్రాంతి కోడిపందేలకు వర్తించేదీ అదే సెక్షన్. జరిమానా మాత్రం మొదటి తప్పుకు 10 నుంచి 50 రూపాయలే. ఇది మారాల్సిందే.

పెన్సిల్వేనియాలో హెగిన్స్ అనే చిన్న ఊళ్లో 1934 నుంచి ఏటా లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) నాడు బహిరంగంగా ఈ షూటింగ్ జరిగేది. గాయపడ్డ పావురాలను ఏరి మెడలు విరిచే పని పిల్లలు చేసేవాళ్లు. నిరసనలకు అసలు కారణం ఆ దృశ్యమే. 1999లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పుతో నిర్వాహకులు దాన్ని ఆపేశారు. ప్రైవేటు క్లబ్బులు ఆపలేదు. 2014లో కుక్కలు, పిల్లుల మాంసం అమ్మకాన్ని నిషేధించే బిల్లులోనే పావురాల షూటింగ్‌నూ చేర్చారు. రాష్ట్ర సెనేట్ ఆమోదించింది. ప్రతినిధుల సభలో అది ఓటింగ్‌కే రాలేదు.